ఇంట్లో చాలామందికి ముక్కులోంచి రక్తం వస్తుంటే ఊపిరితిత్తులు ఎందుకు చూడాలి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నా వయసు 37. మా అన్నయ్యకు 43. రెండు నెలల కిందట అన్నయ్యకు తలనొప్పి, జ్వరం వచ్చి ఆ తర్వాత ఫిట్స్ వచ్చాయి. మెదడులో చీముగడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. అది ఎందుకు వచ్చిందని వెతికితే ఊపిరితిత్తిలో రక్తనాళాల ముడి ఒకటి కనిపించింది. ఇది హెచ్‌హెచ్‌టీ అనే వంశపారంపర్య జబ్బని, ఇంట్లో వాళ్లందరూ పరీక్షలు చేయించుకోవాలని డాక్టర్లు చెప్పారు. మా నాన్నగారికి జీవితాంతం ముక్కులోంచి రక్తం కారేది. 61వ ఏట కడుపులో రక్తస్రావమై పోయారు. నాకూ చిన్నప్పటి నుంచి వారానికి రెండు మూడుసార్లు వస్తుంది. కింది పెదవి మీద, వేళ్ల కొసల్లో ఎర్రటి చుక్కలున్నాయి. ఒంట్లో రక్తం ఎప్పుడు చూసినా 8 దగ్గరే ఉంటుంది. ‘మీ నాన్న వైపు వాళ్లందరిదీ వేడి శరీరం’ అంటుంది అమ్మ. చెల్లి డాలస్‌లో ఉంటుంది, దానికి ఇప్పుడు నాలుగో నెల. ముక్కు నుంచి రక్తం ఎప్పుడో తప్ప రాదు. మా మేనత్త ఒకావిడ నిండు గర్భంతో ఉండగా రక్తం కక్కుకుని పోయిందట. నాకు 14 ఏళ్ల బాబు, 9 ఏళ్ల పాప. వాళ్లకు ఏమీ లేదు. మాది మేనరికం కాదు, మరి జన్యు జబ్బు ఎలా వచ్చింది? అందరం జన్యు పరీక్ష చేయించుకోవాలా? బయటకు పొక్కితే పిల్లల సంబంధాలకు ఇబ్బంది అంటున్నారు మా అత్తగారు. చాలా టెన్షన్‌గా ఉంది.

– ఒక పాఠకురాలు

సమాధానం:

ముందు మీ చెల్లికి ఫోన్ చేయండి. మిగతాదంతా ఆ తర్వాత చదవొచ్చు.

ఆమెకు నాలుగో నెల అన్నారు. ఊపిరితిత్తుల్లో ఇలాంటి రక్తనాళాల ముడులు ఉంటే గర్భంతో ఉన్నప్పుడు అవి పెద్దవవుతాయి, ఒక్కోసారి చిట్లుతాయి. ఈ జబ్బున్న ఆడవాళ్లలో ఎక్కువమందికి కాన్పు సవ్యంగానే జరుగుతుంది, కాబట్టి ఆమెను భయపెట్టకండి. అయినా నూటికి ఒక గర్భంలో తల్లి ప్రాణం పోయినట్టు 2008లో లండన్ వైద్యులు ప్రచురించిన పరిశీలనలో తేలింది. జబ్బు సంగతి ముందే తెలిసినవాళ్లు ప్రమాదం నుంచి బయటపడే అవకాశం ఎక్కువని కూడా అందులోనే తేలింది. మీ చెల్లికి ఆ సంగతి తెలియాలి, ఆమెకు కాన్పు చేసే డాక్టరుకూ తెలియాలి.

ఆమె అక్కడి డాక్టరుకు చెప్పాల్సిన మాటలు ఇవి: ‘మా అన్నయ్యకు హెచ్‌హెచ్‌టీ నిర్ధారణ అయింది. ఊపిరితిత్తిలో ఏవీఎం (రక్తనాళాల ముడి) ఉంది. మెదడులో చీముగడ్డ వచ్చింది. నాకు ఊపిరితిత్తుల స్క్రీనింగ్ కావాలి.’ గర్భిణికి ఏ లక్షణమూ లేకపోయినా నాలుగో నెలా, ఐదో నెలా ఈ పరీక్షకు అనువైన సమయం. బుడగల ఎకో (అదేమిటో కింద వివరిస్తాను) గానీ, రంగు మందు ఎక్కించకుండా తక్కువ రేడియేషన్‌తో తీసే ఛాతీ సీటీ గానీ చేస్తారు. మూయాల్సినంత పెద్ద ముడి దొరికితే గర్భంతో ఉండగానే, నాలుగో నెల దాటాక మూసేస్తారు. అమెరికాలో ఈ జబ్బు కోసమే ప్రత్యేక కేంద్రాలున్నాయి. డాలస్‌లోనే యూటీ సౌత్‌వెస్టర్న్ అనే వైద్య విశ్వవిద్యాలయంలో ఒకటుంది. దగ్గితే రక్తం పడినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లమనండి. మీ మేనత్త సంగతీ ఆ డాక్టరుకు చెప్పమనండి. ఆవిడకు ఏమైందో ఇప్పుడు తేల్చలేం గానీ, నిండు గర్భంతో రక్తం కక్కుకోవడం అనేది ఈ కుటుంబ చరిత్రలో చిన్న విషయం కాదు.

రెండోది మీ అన్నయ్య సంగతి. చీముగడ్డకు ఆపరేషన్ అయిందని రాశారు. ఊపిరితిత్తిలో ఉన్న ముడిని మూసేశారో లేదో రాయలేదు. మూయకపోతే ఆ పని ఇంకా మిగిలే ఉంది. చీముగడ్డకు కారణమైన సూక్ష్మజీవులు మెదడుకు చేరింది ఆ దారిలోనే. దారి అలాగే ఉంటే మళ్లీ గడ్డ రావచ్చు, పక్షవాతమూ రావచ్చు. డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి. ముడిని మూసేయడాన్ని ‘ఎంబోలైజేషన్’ అంటారు. ఆ మాట అందులో లేకపోతే వచ్చేసారి వెళ్లినప్పుడు మొదట అడగాల్సింది అదే.

ఇక మీరు. మీకు ఈ జబ్బు ఉందో లేదో తేల్చడానికి జన్యు పరీక్ష కోసం ఎదురుచూడక్కర్లేదు. 2000లో ప్రచురించిన కురసావ్ ప్రమాణాలనే డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. అందులో నాలుగు అంశాలు చూస్తారు. దెబ్బ తగలకుండానే మాటిమాటికీ ముక్కులోంచి రక్తం రావడం ఒకటి. పెదవులు, నాలుక, వేళ్ల కొసలు, ముక్కు లోపల ఎర్రటి చుక్కలు ఉండటం రెండోది. ఊపిరితిత్తులు, మెదడు, కాలేయం, పేగుల్లాంటి లోపలి అవయవాల్లో అసాధారణ రక్తనాళాలు ఉండటం మూడోది. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండటం నాలుగోది. మూడు ఉంటే జబ్బు ఉన్నట్టే. రెండు ఉంటే అనుమానించాలి. మీ ఉత్తరంలోనే మూడు కనిపిస్తున్నాయి. ఆ చుక్కలను డాక్టరు ఒకసారి కళ్లతో చూసి సరేననాలి, అంతే. చుక్క మీద వేలితో నొక్కితే పాలిపోయి, తీయగానే మళ్లీ ఎర్రబడుతుంది. మీ చెల్లికి ఇప్పటికి రెండు అంశాలు కలుస్తాయి. జబ్బు లేదని తేలేవరకూ ఉన్నట్టే అనుకుని జాగ్రత్త పడటం మంచిది.

మీ అమ్మగారి మాట కొట్టిపారేయలేను. ఆవిడ గమనించింది సరైనదే: ఇది మీ నాన్నగారి వైపు చాలామందికి వస్తోంది. దానికి మన ఊళ్లలో ఉన్న పేరు ‘వేడి’. ఫ్రాన్స్‌లో ఆన్రీ రెండ్యూ అనే వైద్యుడు 1896లో ఇలాంటి రోగిని వర్ణించేదాకా వైద్యులు కూడా దీన్ని హీమోఫీలియాతో కలిపేసేవారు. 1901లో ఆస్లర్, 1907లో వెబర్ దీని గురించి మరింత రాశారు. పాత పుస్తకాల్లో ఈ ముగ్గురి పేర్లతోనే ఈ జబ్బు కనిపిస్తుంది. ఇప్పటి పూర్తి పేరు హెరిడిటరీ హెమరేజిక్ టెలాంజియెక్టేషియా. రక్తం గడ్డకట్టడంలో ఇందులో లోపమేమీ ఉండదు. అందుకే ప్లేట్‌లెట్లు, గడ్డకట్టే సమయం లాంటి పరీక్షలన్నీ నార్మల్ వస్తాయి, ‘ఏమీ లేదు, వేడి చేసింది’ అని ఇంటికి పంపేస్తారు. లోపం ఉన్నది నాళాల అల్లికలో.

గుండె నుంచి వచ్చే ధమని చీలుతూ చీలుతూ వెంట్రుకకన్నా సన్నటి కేశనాళికలుగా మారుతుంది, ఆ తర్వాతే రక్తం సిరల్లోకి వెళ్తుంది. మీది కాలువల కింద సాగయ్యే ప్రాంతం కాబట్టి ఇలా చెప్తాను. పెద్ద కాలువలో నీరు పిల్లకాలువల్లోకి, బోదెల్లోకి, చేలోకి పోయి, మిగిలింది మురుగు కాలువలోకి దిగాలి. గండి పడి పెద్ద కాలువ తిన్నగా మురుగు కాలువలో కలిసిందనుకోండి, నీరు ఉరవడిగా పోతుంది, గట్టు తెగుతుంది, చేనుకు చుక్క అందదు. హెచ్‌హెచ్‌టీలో కొన్నిచోట్ల కేశనాళికలు లేకుండా ధమని నేరుగా సిరలో కలుస్తుంది. చిన్నవైతే చర్మం మీద ఎర్ర చుక్కలుగా, ముక్కు లోపల తడితడిగా ఉండి తాకితే చిట్లే చుక్కలుగా కనిపిస్తాయి. పెద్దవైతే ఏవీఎంలు అంటారు. మీ అన్నయ్య ఊపిరితిత్తిలో ఉన్నది అదే.

ఊపిరితిత్తికి ఆక్సిజన్ ఇవ్వడంతోపాటు ఇంకో పని ఉంది. ఒళ్లంతా తిరిగి వచ్చే రక్తంలో చిన్న చిన్న గడ్డలు, పంటి చిగుళ్ల నుంచి చేరే సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిని ఊపిరితిత్తుల్లోని కేశనాళికలు వడపోసి ఆపేస్తాయి. ఏవీఎం ఉన్నచోట ఆ వడపోత లేదు. గడ్డ నేరుగా మెదడుకు పోతే పక్షవాతం, సూక్ష్మజీవి పోతే చీముగడ్డ. మనిషి అంతవరకూ పొలం పనులు చేసుకుంటూ, మెట్లెక్కుతూ మామూలుగానే ఉంటాడు. ఆయాసం ఉండకపోవచ్చు, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్‌లో అంకె బాగానే ఉండొచ్చు, ఎక్స్‌రే కూడా మామూలుగా రావచ్చు. నేను ఇంత వివరంగా రాస్తున్నది ఈ ఒక్క విషయం మీకు గట్టిగా నాటుకోవాలనే. కంటికి కనిపించి కంగారుపెట్టేది ముక్కు రక్తం. ప్రాణాల మీదికి తెచ్చేది చాలాసార్లు ఏ లక్షణమూ ఇవ్వని ఊపిరితిత్తి ముడి. దాన్ని ముందుగా కనిపెడితే మూసేయొచ్చు. లక్షణం కోసం ఆగితే ఆ మొదటి లక్షణమే పక్షవాతం కావచ్చు.

దీన్ని కనిపెట్టే పరీక్షే బుడగల ఎకో. కాంట్రాస్ట్ ఎకో, బబుల్ ఎకో అని కూడా అంటారు. సెలైన్‌ను కొంచెం గాలితో కలిపి రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ చిలికితే సన్నటి బుడగలు వస్తాయి. దాన్ని చేతి నరంలోకి ఎక్కిస్తూ గుండెను ఎకోలో చూస్తారు. బుడగలు గుండె కుడివైపు గదుల్లో తెల్లగా మెరుస్తాయి. ఊపిరితిత్తి బాగుంటే అక్కడి కేశనాళికల్లో ఆగిపోతాయి, ఎడమవైపుకు రావు. ముడి ఉంటే నాలుగైదు గుండె చప్పుళ్ల తర్వాత ఎడమవైపు గదుల్లోనూ కనిపిస్తాయి. వెంటనే కనిపిస్తే అది గుండె గోడలో రంధ్రం కావచ్చు, దాని సంగతి వేరు. నొప్పి లేదు, రేడియేషన్ లేదు. మీరు తప్పక గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, మామూలు 2డీ ఎకో ఇందుకు సరిపోదు. ‘ఎకో చేశాం, నార్మల్’ అన్న రిపోర్టు చేతికిస్తే, అందులో బుడగల పరీక్ష చేశారో లేదో అడగండి. హెచ్‌హెచ్‌టీ కోసం, ఊపిరితిత్తి ఏవీఎం ఉందేమో చూడటానికి అని చీటీ మీద రాయించుకుని వెళ్లండి. చాలామంది కార్డియాలజిస్టులకు ఈ పరీక్ష తెలుసు. ఎందుకు అడుగుతున్నారో తెలియకపోతే మాత్రం చేయరు.

బుడగలు ఎడమవైపు కనిపిస్తే సన్నటి పొరలుగా ఛాతీ సీటీ తీస్తారు. రంగు మందు అక్కర్లేదు. ముడికి రక్తం తెచ్చే ధమని వెడల్పు 2 నుంచి 3 మిల్లీమీటర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మూసేస్తారు. తొడ దగ్గరి సిరలోంచి సన్నటి గొట్టం పంపి, ఆ ధమనిలో లోహపు తీగచుట్ట గానీ చిన్న ప్లగ్ గానీ పెడతారు. ఛాతీ కోయరు. ఇది చేసేవాళ్లను ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు అంటారు. పెద్ద బోధనాసుపత్రుల్లో, హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లోని పెద్ద ఆసుపత్రుల్లో ఉంటారు. ‘ఊపిరితిత్తి ఏవీఎంలు ఇంతకుముందు మూశారా?’ అని అడగడానికి మొహమాటపడకండి. మూసిన ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మళ్లీ సీటీ తీయాలి, ఆ తర్వాత దాదాపు మూడేళ్లకోసారి. మూసిన దారి మళ్లీ తెరుచుకోవచ్చు, చిన్న ముడులు పెద్దవి కావచ్చు. మొదటి పరీక్షలో ఏమీ కనిపించకపోయినా అయిదేళ్లకోసారి బుడగల ఎకో చేయించుకుంటూ ఉండాలి.

ముడి ఉన్నవాళ్లు, ఉందో లేదో ఇంకా తేలనివాళ్లు కూడా, కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పన్ను తీయించుకునే ముందు, చిగుళ్లు శుభ్రం చేయించుకునే ముందు డాక్టరు చెప్పిన యాంటీబయాటిక్ ఒక డోసు వేసుకోవాలి. నోరు శుభ్రంగా ఉంచుకోవడం కూడా ఈ జబ్బులో వైద్యమే. సెలైన్ ఎక్కించేటప్పుడు ట్యూబులో గాలి బుడగ పోకుండా చూడమని నర్సుకు చెప్పాలి, వీలైతే గాలి ఆపే ఫిల్టర్ పెట్టించుకోవాలి. పరీక్ష కోసం డాక్టర్లు కొలతగా పంపే సన్నటి బుడగలకు భయపడక్కర్లేదు. మీ ఊళ్లో నీరసం అనగానే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకునే అలవాటు ఉంటే, మీ ఇంట్లో వాళ్లు దాన్ని మానేయండి.

మెదడు సంగతి. ఈ జబ్బున్న వాళ్లలో పదిమందిలో ఒకరికి మెదడులో కూడా అసాధారణ రక్తనాళాలు ఉంటాయి. వాటిలో కొన్ని చిట్లి రక్తస్రావం అవుతుంది. అందుకని జబ్బు నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ జీవితంలో ఒకసారి మెదడుకు ఎంఆర్‌ఐ తీయమంటారు. పెద్దవాళ్లకు ఒకసారి తీసి ఏమీ లేకపోతే మళ్లీ మళ్లీ తీయక్కర్లేదు. మీ చెల్లికి తలనొప్పి, ఫిట్స్ లాంటి లక్షణాలు లేకపోతే కాన్పు అయ్యేదాకా ఇది ఆగొచ్చు.

కాలేయంలో ముడులు చాలామందికి ఉంటాయి, ఇబ్బంది పెట్టేది కొద్దిమందినే. డాప్లర్ స్కాన్‌లో తెలుస్తుంది. ఎవరైనా కాలేయం నుంచి ముక్క తీసి బయాప్సీ చేద్దాం అంటే మాత్రం వద్దనండి. ఈ జబ్బులో అది ప్రమాదం.

ఇప్పుడు మీరు అడిగిన జన్యు పరీక్ష. దీనికి ఒక వరస ఉంది, దాన్ని తప్పితే డబ్బు పోతుంది, తప్పుడు ధైర్యం మిగులుతుంది. మొదట జబ్బు ఖాయంగా ఉన్న ఒక్కరికి చేయాలి. మీ ఇంట్లో అది అన్నయ్య. ఆయన రక్తంలో ఈఎన్‌జీ, ఏసీవీఆర్‌ఎల్1, స్మాడ్4 అనే జన్యువులను మొత్తంగా చదువుతారు. జబ్బు ఖాయమైన వాళ్లలో నూటికి 95 మందికి పైగా వీటిలో ఏదో ఒకదానిలో తప్పు దొరుకుతుంది. అన్నయ్యలో ఏ తప్పు ఉందో తెలిశాక, మిగతావాళ్లలో సరిగ్గా ఆ ఒక్క తప్పు ఉందా లేదా అని చూస్తే చాలు. అది తేలిక, ఖర్చూ తక్కువ, జవాబు స్పష్టంగా వస్తుంది. ఉందంటే పరీక్షలన్నీ చేయించుకోవాలి. లేదంటే ఆ మనిషి ఈ జబ్బు నుంచి పూర్తిగా బయటపడ్డట్టే, ఎకోలు, ఎంఆర్‌ఐలు ఏమీ అక్కర్లేదు. అన్నయ్యకు చేయకుండా ముందు పిల్లలకు చేయిస్తే, ‘ఏమీ దొరకలేదు’ అనే రిపోర్టుకు విలువ లేదు. జబ్బు లేదో, తప్పు దొరకలేదో తెలియదు. ఒక్కోసారి రిపోర్టులో ‘అర్థం స్పష్టంగా తెలియని మార్పు’ అని వస్తుంది. దాన్ని పట్టుకుని ఎవరికీ జబ్బు ఉందని గానీ లేదని గానీ తేల్చకూడదు. అందుకే పరీక్షకు ముందూ తర్వాతా జన్యు వైద్య నిపుణులతో మాట్లాడాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు అన్నయ్య రిపోర్టులు తీసుకెళ్లండి.

తప్పు స్మాడ్4లో దొరికితే పేగుల్లో పాలిప్స్ (లోపలి గోడ మీద పెరిగే చిన్న కండలు) కూడా వస్తాయి, అవి క్యాన్సర్‌గా మారొచ్చు. ఆ కుటుంబాల్లో 15 ఏళ్ల నుంచే కొలనోస్కోపీ మొదలుపెడతారు.

మీ పిల్లలకు ‘ఏమీ లేదు’ అన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. ముక్కు రక్తం సగటున 12 ఏళ్ల ప్రాంతంలో మొదలవుతుంది, కొందరికి ఇరవైలు దాటాక. ఎర్ర చుక్కలు ఇంకా ఆలస్యంగా, ముప్ఫైలూ నలభైలకు గానీ బయటపడవు. కానీ ఊపిరితిత్తిలోనో మెదడులోనో ఉన్న ముడి చిన్నప్పుడే ఉండొచ్చు. 9 ఏళ్ల పాపను చూసి ఈ జబ్బు లేదని ఎవరూ చెప్పలేరు. కురసావ్ ప్రమాణాలు కూడా పిల్లల విషయంలో నమ్మదగ్గవి కావు. ఒక్కొక్కరికి రావడానికి సగం అవకాశం ఉంది, ఒకరికి వస్తే ఇంకొకరికి రాదనే లెక్క ఏమీ లేదు. అన్నయ్య జన్యు రిపోర్టు త్వరగా వచ్చేలా ఉంటే దానికోసం ఆగి పిల్లలకు ఆ ఒక్క పరీక్ష చేయించండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఆగొద్దు. పిల్లల డాక్టరును కలిసి ఆక్సిజన్ కొలిపించి, బుడగల ఎకో చేయించండి. మెదడు ఎంఆర్‌ఐ గురించి కూడా అడగండి. పాపకు కదలకుండా పడుకోవడం కష్టమై మత్తు ఇవ్వాల్సి రావచ్చు, కాబట్టి ఎప్పుడు తీయాలన్నది డాక్టరూ మీరూ కూర్చుని నిర్ణయించుకోండి. అంతర్జాతీయ నిపుణుల బృందం 2020లో వెలువరించిన మార్గదర్శకాలు పిల్లలకు ఊపిరితిత్తుల స్క్రీనింగ్ చేయాలనే చెప్తున్నాయి.

మేనరికం ప్రశ్న చాలామంది అడుగుతారు. తలసీమియా లాంటి జబ్బులకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు తప్పు ప్రతులు కలవాలి. దగ్గరి చుట్టాలు పెళ్లి చేసుకుంటే అలా కలిసే అవకాశం పెరుగుతుంది. హెచ్‌హెచ్‌టీకి ఒక్క ప్రతి చాలు. తల్లికి గానీ తండ్రికి గానీ ఉంటే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సగం అవకాశం. జబ్బు లేని రెండోవాళ్లు చుట్టమైనా కాకపోయినా ఒకటే. తప్పు జన్యువు రాని బిడ్డ నుంచి ఆ తర్వాతి తరానికి పోదు. అయితే మీ నాన్నగారి వైపు, మేనత్తల పిల్లలతో సంబంధం కలుపుకునే ఆలోచన ఇంట్లో ఎవరికైనా ఉంటే, ఇద్దరూ పరీక్ష చేయించుకున్నాకే మాట్లాడండి. ఇద్దరిలోనూ అదే తప్పు ఉంటే బిడ్డకు రెండు వైపుల నుంచీ వచ్చే ప్రమాదం ఉంది.

మీ అత్తగారి భయం నాకు అర్థమవుతుంది. ఆవిడ మనవడి మీద, మనవరాలి మీద ప్రేమతోనే అంటున్నారు. అయినా ఈ విషయంలో ఆవిడ మాట వినొద్దనే చెప్తాను. బాబుకు 14, పాపకు 9. సంబంధాల మాట ఇంకో పదేళ్లకు వస్తుంది. పరీక్ష ఈ నెల సంగతి. పైగా దాచిపెట్టి పెళ్లి చేసిన అమ్మాయి గర్భంతో ఉన్నప్పుడు డాక్టరుకు నోరు విప్పి చెప్పలేని పరిస్థితి వస్తే, ఆ అమ్మాయే ప్రమాదంలో పడుతుంది. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది పిల్లలు పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకోవచ్చు. వైద్యులకు, రక్త సంబంధీకులకు మాత్రం ఇప్పుడే చెప్పాలి.

మీ రక్తం 8 గురించి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. అందుకే ఆడమనిషికి రక్తం తక్కువంటే ఎవరూ ఆశ్చర్యపోరు, మాత్రలు రాసి పంపేస్తారు. మీ విషయంలో అది ముక్కు నుంచి, బహుశా పేగుల నుంచి కూడా పోతోంది. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చూపే పరీక్ష) చేయించండి. మాత్రలతో ఫెరిటిన్ పెరగకపోతే నరంలోకి ఐరన్ ఎక్కించమని అడగండి. ముక్కు నుంచి పోయిన రక్తానికి మించి రక్తం తగ్గితే, మలం నల్లగా వస్తే, ఎండోస్కోపీ చేయించాలి. మీ నాన్నగారికి కడుపులో జరిగింది ఇదే అయి ఉండొచ్చు. పైగా ఊపిరితిత్తిలో ముడి ఉన్నవాళ్లకు ఒంట్లో ఇనుము తక్కువైతే పక్షవాతం ముప్పు కూడా ఎక్కువవుతుందని పరిశోధనలున్నాయి. కాబట్టి ఐరన్‌ను ఏదో బలం మందుగా చూడకండి.

ముక్కుకు రోజూ రెండు మూడుసార్లు సెలైన్ చుక్కలు గానీ స్ప్రే గానీ వాడండి, లోపల ఎండిపోకుండా డాక్టరు చెప్పిన ఆయింట్‌మెంట్ రాయండి. చాలా రక్తస్రావాలు ముక్కు ఎండి పగలడం వల్లే వస్తాయి. రక్తం వచ్చినప్పుడు వెనక్కి పడుకోకండి. కూర్చుని ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా పట్టుకోండి. ఉల్లిరసం, కొత్తిమీర రసం ముక్కులో పిండొద్దు. మజ్జిగ, సబ్జా తాగితే తాగండి, హాని లేదు, కానీ నాళాల్లోని ముడి వాటికి కరగదు. మాటిమాటికీ ముక్కు లోపల కాల్పించుకోవద్దు, మధ్య గోడకు రంధ్రం పడుతుంది. గాజుగుడ్డ బిగించి కుక్కితే తీసేటప్పుడు మళ్లీ చిట్లుతుంది, వేరే రకాలు ఉన్నాయని ఈఎన్‌టీ డాక్టరుకు గుర్తుచేయండి. వీటితో తగ్గకపోతే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలున్నాయి, అప్పటికీ తగ్గకపోతే బెవాసిజుమాబ్ అనే ఇంజక్షన్ ఉంది. ఒళ్లునొప్పులకు సొంతంగా ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వేసుకోకండి, పారాసిటమాల్ చాలు. అన్నయ్యకు డాక్టర్లు ఏవైనా రక్తం పల్చబడే మందులు రాసి ఉంటే మాత్రం ఆయన సొంతంగా ఆపకూడదు.

చివరగా, మీరు అడగని విషయం ఒకటి. మీ నాన్నగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు కూడా ఈ వరసలోనే ఉన్నారు. ప్రపంచంలో అయిదు వేల మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. అదే లెక్క మనకూ వర్తిస్తే రెండు తెలుగు రాష్ట్రాల్లో 15 వేల మందికి పైగా ఉండాలి. వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. మీ వాళ్లకు తెలిసే అవకాశం మీ ద్వారానే వచ్చింది. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని నాన్నగారి వైపు మూడు తరాలు కాగితం మీద గీయండి. ముక్కు రక్తం ఎవరికి ఉండేది, చిన్న వయసులో పక్షవాతం ఎవరికి వచ్చింది, కాన్పు రోజుల్లో ఎవరు పోయారు, రక్తం ఎక్కించాల్సి వచ్చింది ఎవరికి, అన్నీ రాయండి. పాత విషయాలు గుర్తున్నది ఆవిడకే. ‘వేడి’ అని ఆవిడ అన్న ప్రతి పేరు పక్కనా ఒక గుర్తు పెట్టండి.

ఎలా చెప్పాలో తోచకపోతే వాట్సాప్‌లో ఈ నాలుగు ముక్కలు పంపండి:

‘బాబాయ్, అన్నయ్యకు హెచ్‌హెచ్‌టీ అనే జబ్బు ఉందని తేలింది. ఇది నాన్న వైపు నుంచి వచ్చినట్టుంది. మన ఇంట్లో అందరికీ ముక్కులోంచి రక్తం రావడానికి కారణం ఇదే కావచ్చు. దీనివల్ల ఊపిరితిత్తిలో ముడులు ఉంటే బయటకు తెలియదట, పరీక్ష చేస్తే తెలుస్తుందట, మూసేయడానికి వీలుందట. మీరూ, పిల్లలూ ఒకసారి డాక్టరును కలిసి బుడగల ఎకో చేయించుకోండి. ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉంటే ముందు వాళ్లను చూపించండి. అన్నయ్య రిపోర్టులు ఫొటో తీసి పంపుతున్నాను.’

దీంతోపాటు డిశ్చార్జ్ సమ్మరీ, ఛాతీ సీటీ రిపోర్టు, జన్యు రిపోర్టు వచ్చాక అదీ పంపండి. జన్యు రిపోర్టులో తప్పు ఏ జన్యువులో ఎక్కడ ఉందో ఒక వరస అక్షరాలు, అంకెలతో రాసి ఉంటుంది. ఆ వరస లేకుండా డాలస్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా మిగతావాళ్లకు ఆ ఒక్క పరీక్ష చేయలేరు. మీ చెల్లికి మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా ఇవాళే చెప్పండి.